మోటారు తొక్కితే చెదిరే మామిడి పిందెలు

ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టరు ఎంత ఎత్తాలో తెలిసినవాడే వ్యాపారి. నిండా ఎత్తితే బంద్ చేయించేవాళ్ళు వచ్చి దించి పోయేవాళ్ళు. నిండా దించితే కిరాయి ఎవడు కడతాడు? అందుకని మోకాలి ఎత్తుకి లేపి, లోపల లైటు వేసి, గడప దగ్గర స్టూలు మీద పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. గిరాకీ వస్తే వంగి లోపలికి రావాల్సిందే. ఒకరకంగా అది నాకు మేలే. వంగి వచ్చినవాడు బేరం కూడా కాస్త వంగే చేస్తాడు.

నాది పాత కంప్యూటర్ల దుకాణం. ఆఫీసులు వదిలించుకున్న డబ్బాలు, వీపు బరువైన మానిటర్లు, కీచుమంటూ అచ్చువేసే ప్రింటర్లు, వాటి వెనక వేలాడే కేబుళ్ళు. కేబుళ్ళు కిలోల్లో కొని మూరల్లో అమ్మేవాణ్ణి. మా నాన్నకి కొత్తపేటలో కిరాణా కొట్టు, మా మేనమామకి పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారం. నాకు మొదట వచ్చిన మాట అమ్మ కాదని, "ఆఖరెంత" అని మా అమ్మ అందరికీ చెప్పేది. రెండు తెలుగులూ వచ్చు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి ధర వాళ్ళ తెలుగులో చెప్పేవాణ్ణి, మావాళ్ళకి మా తెలుగులో. ధర మాత్రం ఇద్దరికీ ఎక్కువే చెప్పేవాణ్ణి. ఆ విషయంలో నేను ఏ ప్రాంతానికీ అన్యాయం చేయలేదు.

సకలజనుల సమ్మె జరిగిన ఏడు, దీపావళి దాటాక, ఒకాయన వంగి నా దుకాణంలోకి వచ్చాడు. ఎల్బీ నగర్‌లో నాకు తెలిసిన ఎంబ్రాయిడరీ షాపు ఆవిడకి మరిది. ముప్ఫై దాటిన మనిషి, కోచింగ్ సెంటర్లో లెక్కల పాఠాలు చెప్తాడు. సమ్మె రోజుల్లో అదీ సరిగ్గా నడవలేదు.

"మా వదిన మిషన్ అమ్మేద్దామనుకుంటున్నామండీ. మీరు తీసుకుంటారా?"

నా చెవులు నిక్కాయి. ముఖం మాత్రం, బియ్యంలో రాయి తగిలినవాడిలా పెట్టాను. కొనే వస్తువు గురించి విన్నప్పుడు అలా పెట్టాలని మా నాన్న నేర్పాడు.

"ఇప్పుడు ఎవరు కొంటారండీ ఇలాంటివి. ఎందుకు అమ్మడం?"

"అదంతా మీరొచ్చి చూస్తే తెలుస్తుంది."

ఆ షాపు సంగతి చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్నది. ఒకావిడది కృష్ణా జిల్లా వైపు. చేతి బంగారు గాజులు అమ్మి, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కుంది. దానికి బొమ్మలు పంపే పాత కంప్యూటర్ నా దగ్గరే కొన్నది. నాలుగు రోజులు బేరం చేసి, అయిదో రోజు అసలు నాకు ఎంత పడిందో తనే చెప్పింది, కరెక్టుగా. అప్పట్నుంచి ఆవిడంటే నాకు గౌరవం. రెండో ఆమెది నల్లగొండ పక్క ఊరు. భర్త ఆటో తోలతాడు. జాకెట్లు కుట్టడంలో ఆమె చెయ్యి తిరిగినది. మోటారు బిగించిన కుట్టుమిషను ఆమెదే, షాపు అడ్వాన్సు ఆమె చీటీ ఎత్తి కట్టింది. ఈవిడ పువ్వులు వేయిస్తుంది, ఆమె జాకెట్ కుడుతుంది. వయసులో చిన్నదైన నల్లగొండామె "అక్కా" అంటుంది, పెద్దావిడ "చెల్లీ" అంటుంది. బయట రోడ్డు మీద టెంట్లు, నినాదాలు, వంటావార్పులు సాగుతున్నప్పుడు కూడా ఆ షట్టరు వెనక ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం కలుపుకుని తినడం నేను చూశాను. ఊరగాయ విషయంలో తప్ప గొడవపడేవాళ్ళు కాదు.

మర్నాడు వెళ్ళాను. దోవంతా ధర లెక్కేసుకుంటూనే ఉన్నాను. మిషన్ మంచిది. చెడిపోయిందంటే చవగ్గా వస్తుంది. బాగుచేసి ఇంకొకరికి అంటగట్టవచ్చు. మనిషికి కష్టం వచ్చిందని విని, సగం దూరం జాలిపడుతూ, సగం దూరం లాభం లెక్కపెట్టుకుంటూ పోగలిగిన మనసు నాది. కొట్టులో పెరిగినవాడికి రెండూ ఒకే సంచిలో పడతాయి.

షాపు గడపకు దసరా నాటి పసుపు ఇంకా ఉంది. చెప్పులు బయట విడిచాను. లోపల నేల అప్పుడే తుడిచినట్టు చెమ్మగా ఉంది. పెద్దావిడ కంప్యూటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళ కింద చెక్కపీట వేసుకుని కూర్చుంది. మరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నల్లగొండామె మాత్రం తన కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, దారపు రీళ్ళన్నీ డబ్బాలో సర్దుకుంటోంది.

"ఏంది చెల్లే, సదురుతున్నవ్?" అన్నాను.

"నాదర్‌గుల్ దిక్కు మా ఆడబిడ్డ ఒక చిన్న దుకాణం చూసింది అన్నా. గాడికి పోతున్న. గీ సాయంత్రమే."

పెద్దావిడ బల్ల సొరుగు లాగింది. ఒక జాకెట్ గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. ముదురు ఎరుపు పట్టు, చేతుల మీద మామిడి పిందెలు. రెండు పిందెలు చక్కగా ఉన్నాయి. మూడో పిందె తోక దగ్గర సూది అడ్డంగా పరుగెత్తి, చంక దాకా ఒక గీత లాగేసింది. పట్టు గుడ్డ మీద సూది పడిందంటే పడ్డట్టే. దారం విప్పినా బొక్క పోదు.

"పెళ్ళికూతురి జాకెట్ అన్నయ్యా ఇది. ఇలాంటివి మూడు పాడయ్యాయి. గుడ్డలకి గుడ్డలు కొనిచ్చాను. ఒకళ్ళయితే నన్నేమీ అనలేదు, గుడ్డ తీసుకుని వెళ్ళిపోయారు. అది ఇంకా బాధ."

మరిది అందుకున్నాడు. "అసలు సంగతి చెప్పండి వదినా. ఎప్పుడు తప్పుతోందో చెప్పండి."

ఆవిడ ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టసాగింది. ఆయనే చెప్పాడు.

"అదిగో, రీళ్ళు సర్దుకుంటున్న ఆవిడ కుట్టుమిషను మీద కూర్చుని మోటారు తొక్కితేనే తప్పుతోందండీ. లేచి అవతలకి పోతే చక్కగా పడుతోంది. పది సార్లు చూశాం. నేనేదో మనసులో పెట్టుకుని అంటున్నది కాదు. మిషనే చెప్తోంది."

"ఏం చెప్తున్నది? నా చెయ్యి మంచిది కాదని చెప్తున్నదా?" రీళ్ళు సర్దుతూనే మరిదితో అంది నల్లగొండామె. "అను అన్నా, అనే అంటున్నరు గదా. నిమ్మకాయలు తిప్పిన్రు, ఉప్పు తిప్పిన్రు. తిప్పినోళ్ళు నా మొఖం చూసుకుంట తిప్పిన్రు."

"నేను తిప్పలేదే చెల్లీ," అంది పెద్దావిడ.

"నువ్వు తిప్పలే అక్కా. తిప్పనిచ్చినవ్."

పెద్దావిడ కంప్యూటర్ తెర వైపు తిరిగింది. నల్లగొండామె చెప్పినదాంట్లో నిజం ఉందని గదిలో అందరికీ తెలుసు. మరిదిని కూడా తప్పుపట్టలేను. ఆ రోజుల్లో రాష్ట్రం వస్తే మన గతేమిటని వాళ్ళింట్లో రోజూ చర్చే. భయపడినవాడికి ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపిస్తుంది. ఈమె ఇంటి వైపున కూడా అదే పాట వేరే రాగంలో సాగుతోంది. వాళ్ళ సొమ్ము వాళ్ళకి, మన చెమట మనకి, ఎందుకు ఆ పొత్తు అని.

నాకు అక్కడ వచ్చింది అసలు చిక్కు. నిజంగానే ఆమె మోటారు తొక్కితే తప్పుతోందంటే, ఆ సంగతి తప్పు కాదు. ఎందుకన్నదే తెలియాలి. మనసులో బేరం కాసేపు పక్కన పెట్టాను. పూర్తిగా కాదు, చేతికి అందేంత దూరంలోనే పెట్టాను.

ఆ మిషన్ పని చేసే తీరు ఇది. బొమ్మ కంప్యూటర్లో ఉంటుంది. దాని వెనక నుంచి ఒక కేబుల్ బయలుదేరి మిషనుకి వెళ్తుంది. ఒక్కో కుట్టు ఎక్కడ పడాలో ఆ తీగలోంచి అంకెలుగా పోతుంది, సూది అక్కడ పొడుస్తుంది. దారిలో అంకె చెదిరితే సూదికి తెలియదు. ఎక్కడ పొడవమంటే అక్కడ పొడుస్తుంది. కుట్టుమిషను మోటారేమో లోపల రాసుకుంటూ, కనపడనంత చిన్న నిప్పురవ్వలు పుట్టిస్తుంది. అది చేసే అల్లరి పక్కనున్న తీగల మీద పడుతుంది. అందుకే మంచి కేబుల్‌కి తోలు కింద రాగి తీగల అల్లిక ఒకటి చుట్టి ఉంటుంది. బయటి అల్లరిని అది తన మీద వేసుకుని, లోపలి తీగల దాకా పోనివ్వదు.

కాబట్టి అల్లిక చెడిందనుకున్నాను. నా సంచిలోంచి లావుపాటి కేబుల్ తీసి, ఇది ఎంత ఖరీదైనదో రెండు వాక్యాల్లో చెప్పి, పాతది తీసి దాని చోట పెట్టాను. పాత గుడ్డ ముక్క ఫ్రేముకి బిగించి మిషన్ నడిపాం. నల్లగొండామె నేను బతిమాలితే వచ్చి, దుప్పటి ఒక పక్కకి ఎత్తి, నిలబడే మోటారు తొక్కింది. పిందె వంకర తిరిగింది.

"చూశారా," అన్నాడు మరిది.

ఆమె కాలు తీసేసి, దుప్పటి మళ్ళీ కప్పింది. ఆ కప్పడం చూస్తే మనిషి ముఖం మీద కప్పినట్టు ఉంది.

నా ఖరీదైన కేబుల్ పరువు అక్కడికక్కడే పోయింది. దాన్ని విప్పుదామని వంగి, ఆసరాకి మిషన్ ఒంటి మీద చెయ్యి వేశాను. చేతిలో చీమలు పాకాయి. తీసి మళ్ళీ పెట్టాను. జుమ్మంటోంది.

"ఇది ఎన్ని రోజుల నుంచి ఇట్ల జుమ్మంటున్నది?"

"ఏది?" అంది పెద్దావిడ. తనూ చెయ్యి పెట్టి చూసింది. "నాకేం లేదే." ఆవిడ కాళ్ళు చెక్కపీట మీద ఉన్నాయి.

నల్లగొండామె డబ్బా మూత పెట్టడం ఆపింది. "నీకు గూడ అయితున్నదా అన్నా?"

"అయితున్నది."

"పండుగ అయినంక సంది నాకు అయితనే ఉంది. ఎప్పుడు చెయ్యేసినా గంతే. అక్కకు కాదు, నాకే అయితున్నది. చెప్తే నవ్వుతరని చెప్పలే." గొంతు తగ్గించింది. "అందరనవట్టె, నిజంగనే నా చెయ్యే మంచిగ లేదేమో అనుకున్న."

నేను చాలా సరుకు కొన్నాను, చాలా సరుకు అమ్మాను. ఇంత మాట ఇంత మెల్లగా అన్న మనిషిని చూడలేదు. పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. తడి నేల మీద దిగి మళ్ళీ మిషన్ మీద చెయ్యి పెట్టింది. పెట్టి, వెంటనే తీసి, ఆ చెయ్యి రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

"నాకూ అవుతోంది చెల్లీ," అంది.

టెస్టర్ పెడితే మిషన్ ఒంటి మీద మసగ్గా ఎర్రలైటు వెలిగింది. ఎర్త్ పోయింది. కేబుల్ అల్లిక తన మీద వేసుకున్న అల్లరిని ఎక్కడో దింపుకోవాలి. ఆ దింపుడు చోటే ఎర్త్. కంప్యూటర్ ప్లగ్గు చూశాను. బోర్డుకి రెండే రంధ్రాలున్నాయని మూడో కాడ ఎవరో విరగ్గొట్టారు. మన ఊళ్ళో సగం ప్లగ్గుల గతి అదే. అంటే ఇన్నాళ్ళూ కంప్యూటర్‌కి సొంత ఎర్త్ లేదు. కేబుల్ అల్లిక గుండా మిషన్ దగ్గర అరువు తెచ్చుకుని బతుకుతోంది. మిషన్ కాలికి బిగించిన పచ్చ తీగ బయటికి వెళ్ళి, బిల్డింగు వెనక బొగ్గు, ఉప్పు పోసిన గుంతలో దిగుతుంది. ఆ తీగ ఎక్కడ తెగిందో చూద్దామని మెయిన్ దించి, నేల మీద పాక్కుంటూ మిషన్ కిందికి దూరాను.

తీగ తెగలేదు. బోల్టు కూడా బిగుతుగానే ఉంది. కానీ మిషన్ కాలు నున్నగా, కొత్తగా, బూడిద రంగులో మెరుస్తోంది.

దసరాకి ముందు మా బజార్లో రంగు పడని ఇనుము ఉండదు. ఆయుధపూజకి షట్టరు, బీరువా, కత్తెర పిడి, అన్నిటికీ ఒక కోటు పడాల్సిందే. మా నాన్న తూకం రాళ్ళకి కూడా వేయించేవాడు. రంగు బరువుకి పప్పు ఎక్కువ తూగుతుందేమోనని దిగులుపడి, రాళ్ళకి మాత్రం ఒక్క కోటుతో ఆపేవాడు. ఇక్కడా అదే జరిగింది. సమ్మెలో గిరాకీ లేదు, కరెంటు సక్రమంగా లేదు. ఆ ఖాళీలో ఎవరో ఓపిగ్గా ఆ మిషన్ తుప్పంతా గీకి రంగు వేశారు. తీగ అడ్డం వస్తే రంగు నీటుగా పడదని తీగ విప్పి, కాలంతా వేసి, ఆరాక తీగని మళ్ళీ ఆ రంగు మీదే బిగించారు. రంగు కింద ఇనుము, రంగు పైన తీగ. రెండూ అంత దగ్గరగా ఉండి కూడా ఒకదానికొకటి తగలడం లేదు.

ఎవరు వేశారో నాకు తెలుసు. దసరా ముందు నా దుకాణానికి వచ్చి, ఏ రంగు తెమ్మంటావు అన్నా అని అడిగింది నల్లగొండామే. అప్పట్లో రంగు కొనడం కూడా సాహసమే. గులాబీ వేస్తే ఒక జెండా, పసుపు వేస్తే ఇంకో జెండా. బూడిద రంగు ఎవరి జెండాలోనూ లేదు, అదే తీసుకోమన్నాను. అక్క మిషన్ మెరవాలని తన చేతి డబ్బులతో కొని, బతుకమ్మ ఆట కూడా మానుకుని వేసింది.

మిషన్ కింద పడుకుని ఆలోచించాను. బయటికి వచ్చి రంగు అన్నానంటే, ఆ పక్కన నిలబడ్డాయనకి కావాల్సిన మాట దొరికినట్టే. చెయ్యి మంచిది కాదన్న మాట పోయి, ఆ చెయ్యే పాడుచేసిందన్న మాట వస్తుంది. రెండోది నిజం కూడాను. అందుకే మరీ ప్రమాదం.

"ఏమైంది?" అన్నాడు మరిది, పైనుంచి.

"ఎర్త్ సరిగా లేదండీ. పాత బిల్డింగు కదా. వానలకి అట్లా అవుతుంటాయి. పైగా ఆ కేబుల్ కూడా, అప్పట్లో నేనిచ్చింది, అంత మంచిది కాదు."

సొంత సరుకుని నేను నిందించడం అదే మొదలు. మా నాన్న విని ఉంటే కొట్టు మూసి మంచం ఎక్కేవాడు. పానాతో బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో గబగబా గీకడం మొదలుపెట్టాను. బూడిద రంగు పొడి రాలుతోంది. తల తిప్పితే, నల్లగొండామె మిషన్‌కి అవతల గొంతు కూర్చుని, ఆ పొడినే చూస్తోంది.

"రంగుతోటేనా అన్నా?"

"గదేం లే. ఊకె శుభ్రం చేస్తున్న."

"అబద్ధం సక్కగ చెప్పరాదు నీకు. దుకాణంల మంచిగనే చెప్తవ్." లేచి నిలబడింది. "అక్కా, రంగు నేనేసిన గదా. తీగ ఇప్పి ఏసిన. రంగు అడ్డమొచ్చి కరెంటు పోతలేదు. మూడు జాకెట్లు నా తోటే కరాబయినయ్."

మరిది నోరు తెరిచాడు. "చెప్పానా వదినా. ఎలా చూసినా ఆవిడే..."

"నువ్వు కాసేపు ఆగు," అంది పెద్దావిడ. కోపంగా కాదు, పాఠం మధ్యలో పిల్లాణ్ణి ఆపినట్టు. తర్వాత ఆమె వైపు తిరిగింది. "ఒక కోటు వేసి వదిలేద్దామన్నావు నువ్వు. కాళ్ళ దగ్గర ఇనుము కనిపిస్తోంది, రెండోది వెయ్యమన్నది ఎవరు?"

ఆమె రాలిన బూడిద రంగు పొడిని కాలితో ఒక పక్కకి నెట్టింది.

"నేను. కుర్చీలో కూర్చుని వేలు పెట్టి చూపించి మరీ వేయించాను. నిమ్మకాయలు తిప్పుతుంటే ఆపనిదీ నేనే. ఇందాక నువ్వన్నది నిజం. ఆ రోజు మా వాళ్ళ ముందు నోరు రాలేదు నాకు."

"గిప్పుడు ఎందుకక్కా గదంతా."

"ఇప్పుడే. సాయంత్రం అయితే నువ్వుండవుగా."

ఇనుము తెల్లగా తేలేదాకా గీకాను. కొత్త వాషర్ వేసి, తీగ బిగించి, బోర్డుకి మూడు రంధ్రాల సాకెట్ మార్చి, కంప్యూటర్‌కి కొత్త ప్లగ్గు పెట్టాను. మెయిన్ ఎత్తి చెయ్యి వేస్తే మిషన్ చల్లగా, మామూలు ఇనుములా ఉంది. టెస్టర్ వెలగలేదు. మరిది కూడా వచ్చి, చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడి చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

ఇంకా పరీక్ష మిగిలింది. ఫ్రేములో పాత గుడ్డ బిగించి, కంప్యూటర్లో మామిడి పిందె బొమ్మ పెట్టి, పెద్దావిడ మీట నొక్కింది. సూది మొదలైంది.

"మోటారు తొక్కు చెల్లే," అన్నాను.

"నేను తొక్కను. మళ్ళ ఏదన్నైతే నాతోని కాదు." డబ్బా చంకలో పెట్టుకుని, గోడ పక్కకి పోయి నిలబడింది.

నేను బతిమాలాను. కదల్లేదు. పెద్దావిడ ఒక్క క్షణం ఆమె వంక చూసి, లేచి వెళ్ళి, ఆ దుప్పటి లాగి పక్కన పడేసి, కుట్టుమిషను ముందు తనే కూర్చుంది. ఆవిడకి కంప్యూటర్ వచ్చు, కుట్టు రాదు. ఒక గుడ్డ పేలిక సూది కింద దూర్చి, కాలితో ఒక్కసారిగా అదిమింది. మోటారు గుర్రుమని లేచింది. పేలిక ముడతలు పడి, దారం కింద చిక్కుపడి ఉండలు కట్టింది. ఆవిడ కాలు తీయలేదు. అవతల ఎంబ్రాయిడరీ సూది పిందె వంపు తిరిగి, తోక దగ్గరికి వచ్చింది. మా నలుగురి కళ్ళూ అక్కడే ఉన్నాయి. తోక సన్నగా వంగి, తన చోట తను ఆగింది.

మంచి మిషన్, చేతిదాకా వచ్చి పోయిందని నాలోని కిరాణా కొట్టు ఒకసారి మూలిగింది. దాన్ని ఊరుకోమన్నాను.

పెద్దావిడ ఇంకా తొక్కుతూనే ఉంది. పిందె పూర్తయిన సంగతి చూసిందో లేదో తెలియదు. చిక్కుపడ్డ దారం కటకటమంటోంది. గోడ పక్కనున్న ఆమె రెండుసార్లు ముఖం చిట్లించింది. మూడోసారి డబ్బా నేల మీద పెట్టేసి వచ్చి, భుజం పట్టి లేపింది.

"లే అక్కా. సూది ఇరుగుతది. మిషన్ నడిపేది గిట్లనేనా, గంత బలమెందుకు?"

"నాకేం తెలుసు, నువ్వు నేర్పావా ఎప్పుడైనా?"

"నేర్పుతే నేర్చుకునే మొఖమేనా అది?" అంటూనే కూర్చుంది. చిక్కు కత్తిరించి, దారం మళ్ళీ ఎక్కించి, పెద్దావిడ తెచ్చి ఇచ్చిన కొత్త పట్టు గుడ్డ అంచు వేలితో రాసి చూసుకుంది. ఇంకో పిందె వేయమని గడ్డంతో సైగ చేసింది. పెద్దావిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. రెండు మిషన్లూ ఒకేసారి నడవసాగాయి. మరిది ఏ మూల నిలబడాలో తెలియక, నేల మీది దారపు రీళ్ళ డబ్బా తీసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

నేను ఏదో ఒకటి అందామని, విప్పకుండా వదిలేసిన నా ఖరీదైన కేబుల్ డబ్బుల సంగతి ఎత్తుదామా వద్దా అని ఆలోచిస్తూ మధ్యలో నిలబడ్డాను.

"అన్నా, ఎల్తురుకు అడ్డమున్నవ్," అంది నల్లగొండామె, తలెత్తకుండానే. "జర పక్కకు జరుగు."